స్కానింగుకు ముందు కిడ్నీల మాట

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఇచ్చిన సమయం అరగంట. అరగంటలో అన్ని జబ్బుల గురించీ చెప్పబోతే ఏదీ ఎవరికీ గుర్తుండదు. అందుచేత ఒకే ఒక విషయం పట్టుకున్నాము. స్కానింగు చేసేటప్పుడు నరంలోకి ఎక్కించే 'డై' అనే మందు, దానివల్ల మూత్రపిండాలకు రాగల దెబ్బ, ఆ దెబ్బ తగలకుండా ముందుగా చేసుకోదగిన పని - ఇంతే మా ప్రసంగం.

ఈ విషయమే ఎందుకంటే, మన తీరం వూళ్లలో ఇవాళ రెండు రకాలవాళ్లు కనిపిస్తున్నారు. "డై వేస్తే కిడ్నీలు పోతాయంట" అని ఎవరో చెప్పగా విని, గుండె పరీక్షకు డాక్టరు రాసిచ్చిన చీటీని బీరువాలో మడిచి పెట్టేసేవాళ్లు ఒక రకం. కిడ్నీలు అంతకుముందే బలహీనంగా వున్నా, ఆ సంగతి నోరు విప్పి చెప్పకుండా పోయి స్కానింగు బల్ల మీద పడుకునేవాళ్లు ఇంకో రకం. మొదటివాళ్ల ప్రాణానికి భయం వల్ల ముప్పు, రెండోవాళ్లకు మొహమాటం వల్ల ముప్పు. ఇద్దరూ మనవాళ్లే.

ముందు డై అంటే ఏమిటో చూద్దాము. పేరుకు రంగు అంటారు గాని అందులో రంగేమీ లేదు, చూడడానికి నీళ్లలాగే వుంటుంది. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనబడుతుంది, నెత్తురు గొట్టం కనబడదు. నెత్తురులో అయోడిన్ కలిస్తే అది ఎక్స్‌రే కిరణాలను అడ్డుకుంటుంది గనుక రక్తనాళం కూడా ఎముకలాగే తెల్లగా కనబడుతుంది. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. కిడ్నీలను అందులో చక్కగా చూడడానికి మాత్రం ఇంకా 34 ఏళ్లు పట్టింది. 1929లో బెర్లిన్ నగరంలో మోజెస్ స్విక్ అనే అమెరికా యువ వైద్యుడు, ఫాన్ లిక్టెన్‌బర్గ్ అనే సర్జన్ దగ్గర పనిచేస్తూ, యూరోసెలెక్టాన్ అనే అయోడిన్ మందును నరంలోకి ఎక్కించి కిడ్నీల బొమ్మ తీశాడు. తమాషా ఏమిటంటే ఆ జాతి మందులను మొదట వాడింది పశువులకు వచ్చే అంటురోగాల మీద. పశువుల మందు నుంచి మనుషుల పరీక్ష పుట్టింది! మన పెద్దవాళ్లలో కొందరికి 'ఐ.వి.పి.' అని రాళ్ల జబ్బుకు తీసిన వరుస ఎక్స్‌రేలు గుర్తుండవచ్చు. అది ఆ పరీక్షకు వారసురాలే.

అన్ని స్కానింగులకూ డై వుండదని గమనించ ప్రార్థన. గర్భిణీ స్త్రీలకు తీసే అల్ట్రాసౌండులో మామూలుగా డై లేదు. తలకు దెబ్బ తగిలితే వెంటనే తీసే సీటీకీ, కిడ్నీలో రాయి కోసం తీసే సీటీకీ సాధారణంగా అక్కరలేదు. తెల్లటి బేరియం తాగించి తీసే కడుపు ఎక్స్‌రేకు కిడ్నీలతో పని లేదు, అది నెత్తురులో కలవదు. గడ్డలు, రక్తనాళాలు చూసే సీటీకీ, గుండెకు చేసే ఆంజియోగ్రాం, స్టెంటు పనులకూ మాత్రం అయోడిన్ డై కావాలి. మనం మాట్లాడుకునేది వాటి గురించి.

ఈ డై కిడ్నీని ఎట్లా బాధిస్తుంది? మనది ఉప్పునీళ్లు తెలిసిన ప్రాంతం గనుక చెప్పడం తేలిక. రొయ్యల గుంటలు వేసేవాళ్లు హేచరీ నుంచి పిల్ల తెచ్చి తెచ్చినట్టే గుంటలో కుమ్మరిస్తారా? సంచి నీళ్ల ఉప్పు ఎంత, గుంట నీళ్ల ఉప్పు ఎంత అని సెలినిటీ చూసుకుని, మెల్లమెల్లగా అలవాటు చేసి వదులుతారు. తేడా ఎక్కువైతే పిల్ల తట్టుకోలేదు. మన ఒంట్లోని కణాలూ అంతే. నెత్తురుకు ఒక గాఢత వుంది, కొలిస్తే సుమారు 290 వస్తుంది. పాతకాలపు డైల గాఢత 1500 నుంచి 2000 దాకా, అంటే నెత్తురు కంటే అయిదు నుంచి ఏడు రెట్లు. ఎక్కిస్తుంటే ఒళ్లంతా మంట పుట్టేదని ఆనాటి రోగులు చెప్పడంలో అతిశయోక్తి లేదు.

దీన్ని పట్టుకున్నవాడు స్వీడన్ దేశపు ఎక్స్‌రే వైద్యుడు టోర్‌స్టెన్ ఆల్మెన్. ఆయనకు సముద్రంలో ఈదే అలవాటు. ఉప్పు తక్కువగా వుండే బాల్టిక్ నీళ్లలో కళ్లు తెరిచి ఈదితే ఏమీ కాదు, ఉప్పు ఎక్కువగా వుండే పడమటి తీరంలో ఈదితే కళ్లు మండేవని చెబుతారు. ఆంజియోగ్రాంలో రోగి పడే బాధ కూడా ఈ రకం బాధే గదా అని ఆయనకు తట్టింది. గాఢత తగ్గించి డై తయారు చేయవచ్చని 1969లో రాశాడు. మందుల శాస్త్రజ్ఞులు మొదట పట్టించుకోలేదు గాని, ఆ దారినే 1980లలో ఐయోహెక్సాల్ వంటి తక్కువ గాఢత డైలు వచ్చాయి. ఇవాళ వాడుకలో వున్నవి చాలామటుకు ఇవే. వీటి గాఢత 600 నుంచి 850 వరకు వుంటుంది. తరువాత నెత్తురుతో సమానంగా 290 గాఢత వున్న ఐయోడిక్సనాల్ కూడా వచ్చింది. అయితే అది చిక్కటి మందు. గాఢతలో పోయిన ఇబ్బంది చిక్కదనంలో కొంత తిరిగి వచ్చింది. అందువల్ల ఈ రెండింటిలో ఏది కిడ్నీకి మేలు అన్న దాంట్లో పెద్ద తేడా తేలలేదు. "ఖరీదైన డై వేయించండి" అని డాక్టర్లను ఒత్తిడి చేయనక్కరలేదు.

ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలు వున్నాయి. ఎక్కించిన డై అంతా వాటిగుండానే బయటకు పోవాలి. గొట్టం దారిలో నీళ్లు తిరిగి ఒంట్లోకి పోతాయి గాని డై పోదు, అక్కడే చిక్కబడుతుంది. కిడ్నీ లోపలి పొరకు మామూలుగానే ప్రాణవాయువు అంతంతమాత్రం. డై వల్ల అక్కడి సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, పైగా గొట్టం గోడల కణాలకు నేరుగా కూడా కొంత దెబ్బ తగులుతుంది. కిడ్నీ బాగున్నవాడికి ఇదంతా తెలియకుండానే గడిచిపోతుంది, ఒక రోజులో డై దాదాపు అంతా మూత్రంలో పోతుంది. సగం గొట్టాలు ఎప్పుడో పోయినవాడికి మిగిలిన సగం మీదే బరువంతా పడుతుంది. అట్లాంటివాళ్లలో రెండు మూడు రోజుల్లో నెత్తురులో క్రియాటినిన్ పెరుగుతుంది, చాలామందిలో ఒకటి రెండు వారాల్లో దిగివస్తుంది. డయాలిసిస్ దాకా పోయేవాళ్లు బహు కొద్దిమంది.

మరి బలహీనమైన కిడ్నీ ఎవరిది? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇదే అసలు చిక్కు. మన రాష్ట్రంలో కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకొస్తుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వేలాది కుటుంబాలు ఈ జబ్బుతో చితికిపోయాయి. ఎందుకు వస్తుందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యింది. అది దూరం సంగతి అనుకోకండి. మన ఇళ్లలో కిడ్నీని తినేవి మూడు: చక్కెర జబ్బు, రక్తపోటు, నొప్పి బిళ్లలు. రోహిణి ఎండల్లో గుంటల మీద, పడవల మీద చెమటోడ్చి, సాయంత్రం ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ బిళ్ల అడిగి మింగే మనిషిని మీరు రోజూ చూస్తూనే వుంటారు. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి అదే బిళ్ల మింగే నానీలు, ఖాలాలు ప్రతి ఇంట్లోనూ వున్నారు. వాళ్లకు కిడ్నీ నొప్పి వుండదు. కిడ్నీ పాడవుతుంటే నొప్పి పుట్టదు, అదే దానితో వచ్చిన కష్టం.

క్రియాటినిన్ చూపించాము, 1.2 వుంది, నార్మలే అన్నారు - అని చెప్పేవాళ్లున్నారు. ఎవరి 1.2? పాతికేళ్ల కుర్రవాడి 1.2కూ, డెబ్బై ఏళ్ల బక్కపలచటి ముసలమ్మ 1.2కూ పోలిక లేదు. వయసు, ఆడామగా తేడా కలిపి కట్టే లెక్క ఒకటుంది, ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. ఆ లెక్కన కుర్రవాడి కిడ్నీ పని సుమారు 86, ముసలమ్మది సుమారు 49. చీటీ మీద అంకె ఒకటే గాని కిడ్నీలు వేరు. కాబట్టి ల్యాబులో క్రియాటినిన్ ఒక్కటే గాక ఇ.జి.ఎఫ్.ఆర్. ఎంత అని కూడా అడగండి. 60 పైన వుంటే డై గురించి దిగులు అక్కరలేదు. 30 నుంచి 60 మధ్య వుంటే డాక్టరుకు చెప్పండి, చాలామందికి ప్రత్యేక ఏర్పాటు లేకుండానే చేయవచ్చు. 30 కంటే తక్కువైనా, ఇటీవల జ్వరం, విరేచనాలతో కిడ్నీ అకస్మాత్తుగా దెబ్బతిన్నా అప్పుడు జాగ్రత్త తప్పదు.

భయపడేవాళ్ల కోసం ఒక మాట. వెనక వైద్యులు కూడా ఈ ముప్పును వున్నదానికంటే ఎక్కువగానే లెక్కించారు. ఆసుపత్రిలో పడిన పెద్ద రోగికి స్కానింగు తరువాత క్రియాటినిన్ పెరిగితే నింద అంతా డై మీదికే పోయేది. 2013 నుంచి డై వేసినవాళ్లనూ, డై లేకుండా స్కానింగు చేసినవాళ్లనూ వేల సంఖ్యలో పక్కపక్కన పెట్టి చూస్తే, డై వేయనివాళ్లలోనూ క్రియాటినిన్ చాలామందికి పెరుగుతున్నట్టు తేలింది. జబ్బు తీవ్రతే కారణం. 2020లో అమెరికాలోని ఎక్స్‌రే వైద్యుల కళాశాల, జాతీయ కిడ్నీ సంస్థ కలిసి ఈ సంగతే ప్రకటించాయి. ముప్పు లేదని కాదు, ముఖ్యంగా 30 కంటే తక్కువ వున్నవాళ్లకని చెప్పాయి.

ఇక నివారణ. దీనికి మంత్రంలాంటి మందు ఏదైనా వుందా అని వైద్యలోకం ముప్పై ఏళ్లు వెతికింది. ఎక్కువ మూత్రం పోస్తే డై కొట్టుకుపోతుంది గదా అని మూత్రం బిళ్లలు, సూదులు ఇచ్చి చూశారు. 1994లో 78 మంది మీద జరిగిన పరీక్షలో ఉత్త సెలైన్ ఎక్కించినవాళ్లలో నూటికి 11 మందికి కిడ్నీ దెబ్బతింటే, సెలైన్‌తోపాటు మానిటాల్ ఇచ్చినవాళ్లలో 28 మందికి, లాసిక్స్ రకం మందు ఇచ్చినవాళ్లలో 40 మందికి దెబ్బతిన్నది. మేలు చేస్తుందనుకున్నది కీడే చేసింది! తరువాత 2000 నుంచి ఎసిటైల్ సిస్టీన్ అనే బిళ్ల బాగా ప్రచారంలోకి వచ్చింది. సోడా ఉప్పు కలిపిన సెలైన్ కూడా వచ్చింది. దాదాపు అయిదు వేల మంది మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2018లో వెలువడింది. ఆ బిళ్ల వల్లగాని, సోడా ఉప్పు వల్లగాని మామూలు సెలైన్ కంటే అదనపు లాభం ఏమీ లేదని తేలింది. చివరికి నిలిచింది ఉప్పునీటి సెలైనే. మన సముద్రపు ఉప్పే ఒక లెక్క ప్రకారం కలిపిన నీళ్లు!

అదైనా అందరికీ అవసరం లేదు. 2017లో నెదర్లాండ్స్‌లో 30 నుంచి 59 మధ్య వున్న 660 మందిలో సగంమందికి సెలైన్ ఎక్కించి, సగంమందికి ఎక్కించకుండా చూశారు. రెండు పక్కలా నూటికి ముగ్గురికి లోపే కిడ్నీ దెబ్బతిన్నది. పైగా సెలైన్ ఎక్కించిన కొందరికి గుండె మీద భారం పడింది. కాబట్టి "డాక్టర్ సాబ్, ఒక బాటిల్ ఎక్కించేయండి, బలం వస్తుంది" అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎవరికి ఎక్కించాలి, ఎంత వేగంగా ఎక్కించాలి అన్నది డాక్టరు చూసుకోవలసిన పని. గుండె బలహీనం, కాళ్ల వాపులు వున్నవాళ్లు ఇంట్లో చెంబులకు చెంబులు నీళ్లు తాగి పోవడం కూడా ప్రమాదమే. టెంకాయ నీళ్లు మంచివని తాగించేవాళ్లున్నారు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు అందులోని పొటాషియం చేటు.

ఇంట్లోవాళ్ల చేతిలో వున్న పని ఏమిటంటే, ముందుగా నోరు విప్పి చెప్పడం. చక్కెర వుంది, రక్తపోటు వుంది, కిడ్నీ డాక్టరుకు చూపిస్తున్నాము, ఒకటే కిడ్నీ వుంది, ఇన్నేళ్లుగా నొప్పి బిళ్లలు వాడుతున్నాము, ఆకు పసరు తాగుతున్నాము - ఏది వున్నా చెప్పండి. కిడ్నీ బలహీనంగా వున్నవాళ్లు స్కానింగుకు ముందూ వెనకా నొప్పి బిళ్లలు మానాలి. స్కానింగు రోజున అన్నం మానమంటే నీళ్లు కూడా మానేసి, తెల్లవారుజాము నుంచి నాలుక పిడచకట్టుకుని కూర్చునే ముసలివాళ్లను మేము చాలామందిని చూశాము. నీళ్లు తాగవచ్చా అని అడగండి, చాలా స్కానింగులకు తాగవచ్చనే చెబుతారు. విరేచనాలు పట్టుకున్నవాళ్లు, ఎండదెబ్బ తిన్నవాళ్లు తొందర లేని స్కానింగైతే ఒంట్లో నీరు కూడుకున్నాక రావడం మేలు.

చక్కెరకు మెట్‌ఫార్మిన్ బిళ్ల వాడేవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. డైకీ ఆ బిళ్లకూ పోట్లాట లేదు. కిడ్నీ ఆగిపోతే ఆ బిళ్ల ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తుందని భయం. ఇ.జి.ఎఫ్.ఆర్. 30 కంటే తక్కువైనా, కిడ్నీ కొత్తగా దెబ్బతిన్నా డై వేసిన రోజు నుంచి ఆపి, 48 గంటల తరువాత కిడ్నీ పరీక్ష చేసి మళ్లీ మొదలుపెట్టిస్తారు. కొన్ని ఆంజియోగ్రాంలకు కూడా ఇదే పద్ధతి. ఎవరికి వారు ఆపేయవద్దు. ఆపమన్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోవద్దు. చక్కెర నాలుగు వందలకు ఎక్కి వచ్చేవాళ్లలో ఈ మరుపు వున్నవాళ్లూ వుంటారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మన వూరి నుంచి నెల్లూరు పోతారు, అక్కడ డై వేసి సీటీ తీస్తారు. మనసొప్పక మరునాడే తిరుపతికో చెన్నైకో పోతారు. ఫిల్మూ సీడీ ఇంట్లో వదిలేసి పోతారు. అక్కడ మళ్లీ డై, మళ్లీ సీటీ. రెండు మూడు రోజుల్లో రెండు మోతాదులు ఒకే కిడ్నీ మీద పడతాయి. డబ్బూ పోతుంది, కిడ్నీకీ బరువు. ఏ తేదీన, ఏ స్కానింగు, డై వేశారా లేదా, అప్పటి క్రియాటినిన్ ఎంత - ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి సీడీతో సహా ఒక సంచిలో పెట్టుకుని ఎక్కడికి పోయినా వెంట తీసుకుపొండి. ఇంట్లో చదువుకున్న పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. మన సంఘం ఇట్లాంటి కార్డు ఒకటి అచ్చు వేయించి సభ్యులకు పంచితే ఖర్చు స్వల్పం. కార్యవర్గం ఆలోచించవలసిందిగా మనవి.

ఎం.ఆర్.ఐ.లో వేసే డై వేరు, అది గాడోలినియం. కిడ్నీ బాగా పాడయినవాళ్లలో కొన్ని పాతరకం గాడోలినియం మందుల వల్ల చర్మం రాయిలా గట్టిపడే జబ్బు వస్తున్నట్టు 2006లో బయటపడింది. ఆ రకాల వాడకం తరువాత బాగా తగ్గిపోయింది. అయినా డయాలిసిస్‌లో వున్నవాళ్లు ఆ సంగతి ఎం.ఆర్.ఐ. దగ్గర కూడా తప్పక చెప్పాలి.

మీరు చీటీల మీద రాసి పంపిన ప్రశ్నలు మూడు మా చేతిలో వున్నాయి.

"రొయ్యలు తింటే మా అబ్బాయికి దద్దుర్లు వస్తాయి, రొయ్యల్లో అయోడిన్ వుంది గనుక డై పడదంటున్నారు, నిజమేనా?" మన తీరంలో ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపడాలి. నిజం కాదు. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటి కండలోని ఒక మాంసకృత్తు, అయోడిన్ కాదు. ఇంతకుముందు డై ఎక్కించినప్పుడే దద్దుర్లో, ఆయాసమో వచ్చి వుంటే మాత్రం అది పెద్ద విషయం, తప్పక చెప్పాలి.

"రంజాన్ నెలలో స్కానింగు వస్తే ఏం చేయాలి?" తొందర లేని స్కానింగైతే నెల గడిచాక పెట్టుకోవచ్చునా అని డాక్టరును అడగండి. ఆపడానికి వీల్లేనిదైతే, కిడ్నీ బలహీనంగా వున్న మనిషి రోజంతా నీళ్లు లేకుండా వుండి డై ఎక్కించుకోవడం మంచిది కాదు. రోగికీ ప్రయాణికుడికీ ఉపవాసం తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు అల్ బఖరా సూరాలోనే వుంది. వివరం ఇమాం సాహెబును అడగండి. డాక్టరు ఏమన్నాడో కూడా ఆయనకు చెప్పండి.

మూడవది ఒక పెద్దాయన రాశారు. "నా భార్యకు క్రియాటినిన్ 2.1. గుండెకు ఆంజియోగ్రాం చేయాలన్నారు. ఆరు నెలలుగా వాయిదా వేస్తున్నాము. చేయించాలా వద్దా?" గుండెపోటు వచ్చిన క్షణంలో అయితే ఈ ప్రశ్నే లేదు, కిడ్నీ రిపోర్టు కోసం కూడా ఆగకుండా చేయించాలి. నిదానంగా చేసే ఆంజియోగ్రాం అయితే గుండె డాక్టరునూ, కిడ్నీ డాక్టరునూ ఒకరితో ఒకరు మాట్లాడమని కోరండి. డై ఎంత తక్కువతో ముగించవచ్చు, ముందు సెలైన్ కావాలా, బొమ్మ తీసిన రోజే స్టెంటు వేస్తారా లేక కొన్నాళ్లు ఆగి వేస్తారా, రెండు మూడు రోజులకు క్రియాటినిన్ ఎక్కడ చూపించాలి - ఈ నాలుగు ప్రశ్నలు రాసుకుని పోండి. ఇంటికి వచ్చాక మూత్రం తగ్గినా, కాళ్లు ముఖం ఉబ్బినా, ఆయాసం వచ్చినా ఆ రోజే తీసుకుపోవాలి. ఆరు నెలలు వాయిదా వేసినది చాలు. ఆ చీటీ రాసిన పెద్దాయన సభ అయ్యాక దయచేసి మమ్మల్ని కలవండి. అమ్మగారి రిపోర్టులు తెచ్చి వుంటే అవి కూడా చూద్దాము.